మా వీధి ఆవు, మా పాప చూసిన సినిమా

మా పాప ఏడో తరగతి చదువుతోంది. బడి నుంచి రాగానే సంచి ఒక మూల, బూట్లు ఒక మూల విసిరేసి "అమ్మా, తినడానికేముంది?" అని అడిగే పిల్ల, ఒక శనివారం సాయంత్రం వస్తూనే వంటింట్లోకి పోయి చెత్తబుట్టని బోర్లించింది. అప్పుడే గట్టు కడిగి, నేల తుడిచి, కాఫీ గ్లాసుతో కూర్చున్నాను. ఎలా ఉంటుందో మీరే చెప్పండి! రెండు తగిలిద్దామని లేచాను గానీ, చూస్తే అది ఏడుస్తోంది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

బుట్టలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. పాల పాకెట్లు రెండు. కొత్తిమీర తెచ్చిన పల్చటి కవరు. టమోటాలు తెచ్చిన ఇంకో కవరు. షాంపూ పాకెట్టు. అన్నిటికంటే కింద, మధ్యాహ్నం మిగిలిన అన్నం, పప్పు కలిపి నేను ముడేసి పెట్టిన కవరు. దాన్ని చేత్తో పట్టుకుని అడిగింది.

"దీన్ని ఎక్కడ వేస్తావమ్మా?"

"వీధి చివర గోడ దగ్గర. రోజూ వేసేదే కదా."

"అక్కడ ఎవరు తింటారు?"

"ఆవులు తింటాయిలే. పారేసేదానికంటే పుణ్యం కదా" అన్నాను.

"కవరుతో సహానా?"

నాకు జవాబు దొరకలేదు. అది ఇంకొంచెం సేపు ఆగి, "పాలక్క గంగ అట్లాగే చచ్చిపోయిందా అమ్మా?" అంది.

గంగ సంగతి మీకు చెప్పాలి. మా వీధిలో పాలు పోసే ఆవిడని చిన్నా పెద్దా అందరం పాలక్క అనే పిలుస్తాం. ఆవిడకి ఒకటే ఆవు, గంగ. తెల్లటి ఆవు, నుదుట గోధుమరంగు మచ్చ. పొద్దున పాలు పిండుకుని పాలక్క దాన్ని వీధిలోకి వదిలేసేది. అది ఇంటింటి గేటు దగ్గరా ఆగి, తల ఆడించి, పెట్టింది తిని సాయంత్రానికి తనే ఇంటికి పోయేది. శుక్రవారం నేను తలంటుకుని, పూజ చేసుకుని, దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి, నానబెట్టిన బియ్యం, బెల్లం ముక్క తినిపించేదాన్ని. మా అత్త నేర్పిన అలవాటు అది. మా పాప దాని మెడ కింద గోకుతూ నిలబడేది.

రెండేళ్ళ కిందట గంగ ఒళ్ళు చిక్కిపోవడం మొదలైంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా అయ్యాయి గానీ పొట్ట మాత్రం ఒక పక్కకి ఉబ్బింది. మేమంతా చూడిదేమో అనుకున్నాం. "పాలక్కా, నీ ఆవు మళ్ళీ ఈనబోతోందే" అని నేనే నవ్వుతూ అన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నా నాలుక నాకే చేదుగా ఉంటుంది. పాలు తగ్గాయి, తర్వాత మేత మానేసింది. పాలక్క దిష్టి తీసింది, వాము, ఇంగువ కాచిన నీళ్ళు గొట్టంతో తాగించింది. ఎవరో పశువుల డాక్టరును పిలుచుకొచ్చేసరికి ఆవు పడుకుని లేవలేని స్థితిలో ఉంది. మరునాటి పొద్దున పోయింది. ఏం జబ్బో ఎవరికీ తెలియలేదు. నేను పాలక్క ఇంటికి పోయి ఓదార్చి కూడా వచ్చాను.

సరే, ఇంతకీ మా పాప చూసింది ఏమిటంటే, 'ది ప్లాస్టిక్ కౌ' అనే చిన్న సినిమా. 2012లో కునాల్ వోహ్రా అనే ఆయన తీశారు. అరగంట పైచిలుకు ఉంటుంది. పాటలు, ఫైటింగులు ఏమీ ఉండవు, అంతా నిజంగా జరిగిందే. దానికి మన ప్రాంతంతో సంబంధం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పుట్టపర్తిలో కరుణా సొసైటీ అని మూగజీవాల్ని కాపాడే సంస్థ ఉంది. పట్టణాల వీధుల్లో తిరిగే ఆవుల్ని తెచ్చి అక్కడ ఆపరేషన్ చేసి పొట్టలోంచి ప్లాస్టిక్ తీస్తారు. ఒక్కో ఆవు కడుపులో పదుల కిలోలు ఉంటుందట! ఆ సంస్థవాళ్ళు 2012లోనే ప్లాస్టిక్ కవర్ల మీద సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళారు. మా ఊరి నుంచి పుట్టపర్తికి బస్సులో గంటన్నర. ఎన్నిసార్లు ఆ దారిన పోయాం, ఒక్కరోజైనా ఈ సంగతి చెవిన పడలేదు చూడండి.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో యూట్యూబ్ పెట్టుకుని నేనూ చూశాను. ఆవు నిలబడే ఉంటుంది. మత్తుసూది వేసి, ఎడమ పక్కన డొక్క కోసి, డాక్టరు చెయ్యి లోపలికి పెట్టి లాగుతుంటారు. లాగేకొద్దీ వస్తుంటాయి కవర్లు, ఒకదానికొకటి పెనవేసుకుని, తాడులాగా. ఆవు మాత్రం అలా కళ్ళు వాల్చి నిలబడే ఉంటుంది. సగంలో ఫోను బోర్లా పెట్టేశాను. మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చూశాను.

మర్నాడు పాపే నాకు పాఠం చెప్పింది. ఆవు మనలాగా నోట్లో పెట్టుకుని, రాయి వస్తే ఉమ్మేసి, ఏరుకుని తినదట. గబగబా మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. దాని పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. మింగిన కవరు మొదటి పెద్ద అరలోనే చిక్కుకుంటుంది. అరగదు, పేడలోనూ పోదు. ఏళ్ళ తరబడి పేరుకుని, చుట్టుకుని, గట్టి ముద్ద అయిపోతుంది. ఆ అర నిండిపోతే ఆవుకి కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఒంటికి పట్టేది ఏమీ ఉండదు. అందుకే ఒళ్ళు ఎండిపోయి, పొట్ట ఉబ్బి కనిపిస్తుంది. మనం ముడి వేసిన కవరుని విప్పుకోవడానికి దానికి చేతులు లేవు. లోపల అన్నం వాసన వస్తుంది, ఏం చేస్తుంది పాపం? మొత్తంగా మింగుతుంది.

శుక్రవారం పసుపు కుంకుమ, మిగిలిన ఆరు రోజులూ ముడేసిన కవరు. నా పూజ ఇంత బాగా సాగింది అన్నమాట.

నేను ఇంటర్ వరకే చదివాను. ప్లాస్టిక్ మంచిది కాదని తెలియనంత అమాయకురాలిని కాను. పేపర్లో చదివాను, టీవీలో విన్నాను. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు వంటివి నిషేధించారనీ, ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి సంచులు వాడకూడదనీ మా వారు చదివి వినిపించారు కూడా. విన్నాను, మర్నాడు అదే పల్చటి కవర్లో కొత్తిమీర తెచ్చుకున్నాను. మరి ఆ పిల్లకి అరగంటలో తగిలింది నాకు ఇన్నేళ్ళూ ఎందుకు తగల్లేదు? దానికి గంగ కనిపించింది. నాకు మైక్రాన్లు కనిపించాయి. అంతే తేడా అనుకుంటాను.

పాప వాళ్ళ బడిలో సైన్సు మేడమ్ శనివారం ఆఖరి పీరియడ్లలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఇలాంటి చిన్న సినిమాలు చూపిస్తున్నారు. బడుల్లో పచ్చదనం, పరిశుభ్రత కోసం 2001 నుంచీ నేషనల్ గ్రీన్ కోర్ అని పిల్లల దళాలు ఉన్నాయి కదా, దాని పేరు మీద. ఆ సినిమాల కబుర్లు నేను గిన్నెలు తోముతుంటే పాప పక్కన కూర్చుని చెబుతుంది. అన్నీ ఒకేలా పనిచేయలేదని నేను గమనించాను.

ఒకసారి మంచుకొండలు కరిగిపోవడం, సముద్రాలు పొంగడం చూపించారట. ఆ రాత్రి పాప నిద్రపోలేదు. "మనమంతా మునిగిపోతామా?" అని నాలుగుసార్లు అడిగింది. భయమైతే వేసింది గానీ, పొద్దున లేచి చేయడానికి దాని చేతుల్లో పని ఏమీ లేదు. రెండు రోజులకి మరిచిపోయింది. ఆ వయసు పిల్లలకి భయం చూపిస్తే చాలదండీ. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు, ఇంకా మన మాట వింటారు, కానీ ఊరికే వినరు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చేసెయ్యాలి వాళ్ళకి.

'ఫారెస్ట్ మ్యాన్' అని పదహారు నిమిషాల సినిమా చూపించినప్పుడు అదే జరిగింది. అస్సాంలో బ్రహ్మపుత్ర ఇసుకదిబ్బల మీద జాదవ్ పాయెంగ్ అనే ఆయన 1979లో మొదలుపెట్టి ఒక్కడే చెట్లు నాటుకుంటూ పోయాడు. వరద తీశాక నీడలేని ఇసుకలో ఎండకి పాములు కుప్పలుగా చచ్చిపడి ఉండటం చూసి ఏడ్చి, అక్కడ వెదురు నాటాడట. అది ఇప్పుడు వెయ్యి ఎకరాల పైచిలుకు అడవి. ఏనుగులు కూడా వస్తాయి. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. "మనకీ అలాంటి తాత ఉన్నారమ్మా" అని పాప ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారి గురించి వెతికి చదివింది. సైకిలు మీద మొక్కలు, విత్తనాలు పెట్టుకుని తిరిగిన మనిషి, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయారు. ఇంక చూస్కోండి, వేపపళ్ళ గింజలు ఏరి నా పెరుగు కప్పులన్నిటిలోనూ మట్టి నింపేసింది. బడి వెనక నలభై మొక్కలు పెట్టారు పిల్లలు. మేకలు తినగా, ఎండలకి మాడగా తొమ్మిది మిగిలాయి. తొమ్మిదికీ పేర్లున్నాయి.

ఏనుగుల సినిమా గురించి మీలో చాలామంది వినే ఉంటారు. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. తమిళనాడు ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లి అనే దంపతులు తల్లిలేని ఏనుగు పిల్లల్ని సాకుతారు. 2023 మార్చిలో మన 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చిన రాత్రే అదే వేదిక మీద దీనికీ వచ్చింది. మనం పాట సంబరంలో ఉండి దీన్ని అంతగా పట్టించుకోలేదు. ఆ బెల్లి తన కూతుర్ని పోగొట్టుకున్న తల్లి. ఏనుగు పిల్ల తన కన్నీళ్ళు తుడిచినట్టు అనిపించేదని చెబుతుంది. పెద్దయ్యాక రఘు అనే ఆ ఏనుగుని వేరే మావటికి అప్పగించేస్తారు. ఇది మేమంతా ఇంట్లో కూర్చుని చూశాం. మా వారు కళ్ళలో నలుసు పడిందన్నారు.

ఇంకొకటి, 'ది స్టోరీ ఆఫ్ స్టఫ్'. 2007లో అమెరికాలో ఆనీ లెనార్డ్ అనే ఆవిడ బొమ్మలు వేసి చూపిస్తూ చెప్పింది. వస్తువు ఎక్కడ పుడుతుంది, ఎవరి ఒంటి మీద నుంచి వస్తుంది, పాతబడకుండానే మనం ఎందుకు పారేస్తాం అని. ఇంగ్లీషు చాలా వేగం, మేడమ్ ఆపి ఆపి తెలుగులో చెప్పారట. పిల్లలకి సగమే ఎక్కింది. ఆ సగం చాలు నా ప్రాణానికి! పాప ఇంటికొచ్చి నా బీరువా తెరిచి చీరలు లెక్కపెట్టింది. నూట నాలుగు. "ఇందులో పోయిన ఏడాది కట్టనివి ఎన్ని?" అంది. నాకు కోపం వచ్చి తలుపు వేసేశాను. మా అత్త మాత్రం పడక మీద నుంచి లేచి కూర్చుని నవ్వింది. ఆవిడ కాలంలో చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే దిండు గలీబు, అదీ పోతే బొంత. ఆ బొంతలు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. ఆ లెక్క మనవరాలికి అవ్వే చెప్పింది. ఈ ఒక్క సినిమా విషయంలో నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు సుమండీ.

మళ్ళీ గంగ దగ్గరికి వస్తాను. ఆవు సినిమా తల్లులకి కూడా చూపించాలని పిల్లలే మేడమ్‌ని పట్టుబట్టారు. పాత క్యాలెండరు కాగితాల వెనక పిలుపులు రాసి ఇంటింటికీ పంచారు. పాప పాలక్కని కూడా పిలిచిందని నాకు ఆ రోజు పొద్దున తెలిసింది. నా గుండె జారిపోయింది. "ఆమెనెందుకు పిలిచావే" అన్నాను. "ఆవు ఆమెదే కదా" అంది.

పద్దెనిమిదిమందిమి వచ్చాం. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నాం. పాలక్క వెనక వరసలో, నా పక్కనే. ఆపరేషన్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పోయారు. పాలక్క కదల్లేదు. తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అయిపోయాక అందరూ లేచి టీలు తాగుతుంటే, ఆవిడ అలాగే కూర్చుని మెల్లగా అంది.

"చివర్న మూడునాళ్ళు నెమరెయ్యనే లేదమ్మా అది. నేను దిష్టి అనుకుంటి."

నేను ఆ మాట చెప్పకుండా ఇంటికి పోయి ఉండొచ్చు. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. కానీ పాప తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"అక్కా, ఆ గోడ దగ్గర అన్నం మూటలు నేనూ వేసినాను. రోజూ వేసినాను" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు.

ఆవిడ నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్నే.

"నువ్వొక్కదానివే ఏసినావా ఏంది? పొద్దన్నే పాలు పిండుకోని వీధిలోకి తోలింది నేనే గదా. గడ్డి ఖర్చు మిగులుతుందని" అంది. కాసేపటికి మళ్ళీ, "ఇట్లా కోసి తీస్తారని అప్పుడు ఎవరన్నా చెప్పింటే..." అని ఆగిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. టీ తాగలేదు.

దీనికి నేను ఏం చెప్పగలను?

ఆ తర్వాత సంగతి వంటింటిది. మా అమ్మ ఇంట్లో పెరట్లో కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కులు, ఇంత తవుడు, అన్నీ అందులోకే. కవరు అనే మాటే లేదు, పప్పులు పొట్లంలో వచ్చేవి, నూనెకి డబ్బా పట్టుకుపోయేవాళ్ళం. ఇప్పుడు మా వీధిలో ఎనిమిది ఇళ్ళవాళ్ళం ఒక్కో మూత బకెట్టు పెట్టుకున్నాం. పాలక్క సంక్రాంతికి ముందు ఒక పెయ్యని కొనుక్కుంది, దాన్ని వీధిలోకి వదలదు, కట్టేసి మేపుతుంది. సాయంత్రం పిల్లలు బకెట్లు తీసుకుపోయి ఆమె తొట్టిలో పోసి వస్తారు. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు, అరటి తొక్కలు, ఆకుకూరల కాడలు, బియ్యం కడుగు వేస్తాం. పాచిపోయింది, బూజు పట్టింది వేయం. ఇంకో మాట, వండిన అన్నం ఎక్కువ వేయకూడదని పశువుల డాక్టరు చెప్పారట, ఆవు పొట్ట పులిసి జబ్బు చేస్తుంది. పండగ రోజు మిగిలిన పులిహోర గిన్నెడు తెచ్చి పుణ్యమని పోసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అన్నం ఇంట్లోనే తక్కువ మిగిలేలా వండటం నేను నలభై దాటాక నేర్చుకుంటున్నాను!

పాల పాకెట్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. పెయ్య ఈనేదాకా తప్పదు. మూల కత్తిరిస్తే ఆ చిన్న ముక్క ఎటో పోతుందని పాప ముక్క తెగిపోకుండా సగం కత్తిరించడం నేర్పింది. కడిగి ఆరేసి, సంచిలో వేసి, పొడి చెత్త బండికి ఇస్తున్నాం.

పాలక్క బకెట్టు ఖాళీగా పంపదు. ముంగిట కళ్ళాపికని అప్పుడప్పుడు ఇంత పేడ వేసి ఇస్తుంది. మా పాప ఆ పేడని పుల్లతో కెలికి కెలికి చూస్తుంది, ప్లాస్టిక్ ఏమైనా ఉందేమోనని. కవరైతే పేడలో రాదని తనే చెప్పింది కదా, అయినా చూస్తుంది. మొన్న అందులో ఒక ఎర్ర రబ్బరు బ్యాండు బయటపడింది. ఎవరింటి బకెట్లోంచి పోయిందని ఇప్పుడు ఎనిమిది ఇళ్ళలోనూ పిల్లలు విచారణ చేస్తున్నారు. మా ఇంటికి కరివేపాకు కట్టకి వచ్చే బ్యాండ్లు కూడా ఎర్రవే. నేను ఇంకా ఏమీ చెప్పలేదు.